వ్యాసం గురించి ఒక వ్యాసం

తెలుగులో డయామీటర్‌ని వ్యాసం అంటాం, ఎస్సేని కూడా వ్యాసం అనే అంటాం. లెక్కల పుస్తకంలో వృత్తాన్ని సగానికి చీల్చేదీ వ్యాసమే, మీరిప్పుడు చదువుతున్నదీ వ్యాసమే. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఇది ఒక వ్యాసం గురించిన వ్యాసం. మౌంటెన్ బైక్ హ్యాండిల్ గొట్టం మధ్యలో ఎంత లావుండాలన్నది ఇక్కడ విషయం.

ఈ ప్రశ్నకి ఇప్పటిదాకా మూడు జవాబులొచ్చాయి. 2000ల మొదటి దాకా 25.4 మిల్లీమీటర్లు. ఆ తరవాత 31.8. 2010ల మొదట్లో వచ్చి చేరింది 35. మూడూ ఇవాళ్టికీ బజార్లో ఉన్నాయి. కాకపోతే ఒకే షాపులో ఉండవు, ఒకే ధరకి దొరకవు, వాటికి ఒకే మర్యాదా ఉండదు. పాత బైకు దగ్గరుంచుకున్న వాళ్ళెవరైనా ఏదో ఒకరోజు ఈ మూడింట్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు.

నాకూ ఆ రోజు వచ్చింది. నా దగ్గరున్నది 1990ల మధ్యకాలం నాటి స్టీలు ఫ్రేము బైకు. చదువుకునే రోజుల్లో కాలిఫోర్నియాలో సెకండ్ హ్యాండ్‌లో కొని, తిరిగొచ్చేటప్పుడు విప్పి పెట్టెలో పెట్టి హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో మట్టిదారుల మీద తొక్కుతుంటాను. దాని హ్యాండిల్ అల్యూమినియంది, వయసు బండి వయసే. అల్యూమినియానికి ఒక గుణం ఉంది. స్టీలుని ఒక హద్దు లోపల ఎన్నిసార్లు వంచినా అది భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి హద్దంటూ ఉండదు. చిన్నచిన్న వంపులు కూడా లోపల ఖాతాలో జమ అవుతూనే ఉంటాయి. ఏదో ఒకనాడు, బయటికి ఏమీ కనపడకుండానే, స్టెమ్ పట్టుకున్న అంచు దగ్గర పుటుక్కున విరుగుతుంది. కిందికి దిగేటప్పుడు హ్యాండిల్ విరిగితే ముందు నేలకి తగిలేది మొహం. అందుకే మార్చాలనుకున్నాను. మార్చాలంటే ఏ సైజు అన్నది తేలాలి. తేల్చుకోడానికి చదవడం మొదలుపెడితే, ఈ అంకెల వెనకాల ఒక చరిత్ర ఉందని తెలిసింది.

ముందు రెండు మాటలకి అర్థం చెప్పాలి. మనం చిన్నప్పుడు గంటకింత అని అద్దెకి తెచ్చుకుని తొక్కిన సైకిళ్ళలో, అట్లాసో హీరోనో హెర్క్యులిసో, హ్యాండిలూ దాని మెడా కలిసి ఒకటే ముక్క. అతికించేసి ఉంటాయి. విడదీయాల్సిన పని లేదు కాబట్టి మధ్యలో వ్యాసం ఎంత అని అడిగే అవసరమే రాలేదు. మౌంటెన్ బైకులో ఆ మెడ వేరే భాగం. దాని పేరు స్టెమ్. ఒక చివర అది ఫోర్కుని పట్టుకుంటుంది, రెండో చివర హ్యాండిల్ని బిగించి పట్టుకుంటుంది. ఆ రెండో చివర ఉన్న బొక్క సైజూ, హ్యాండిల్ మధ్యభాగం సైజూ ఒకటే కావాలి. మన గొడవంతా ఈ బొక్క గురించే.

కొండ మీంచి దిగినవాళ్ళు

మౌంటెన్ బైకు పుట్టిన చోటు ఏదని అడిగితే కొలరాడోవాళ్ళు ఒకటి చెబుతారు, ఇంగ్లండువాళ్ళు ఇంకోటి చెబుతారు. కానీ అది ఒక వస్తువుగా, వ్యాపారంగా ఎదిగింది మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న మరిన్ కౌంటీలో. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు, 1930లు, 40లనాటి ష్విన్ ఎక్సెల్సియర్ లాంటి పాత సైకిళ్ళని కారుచౌకగా కొని కొండెక్కించేవాళ్ళు. లావు టైర్లు, 20 కిలోల పైచిలుకు బరువు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర ఒక మట్టిదారి మీద మొదటి పందెం పెట్టుకున్నారు. దాదాపు 3.4 కిలోమీటర్ల దారి, అంతలోనే 400 మీటర్ల దిగుడు. కిందికి చేరేసరికి వెనక బ్రేకులోని గ్రీజు కాలి పొగలొచ్చేది. మళ్ళీ గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగలేరు. ఇంగ్లీషులో ఆ కూరడాన్ని రీప్యాక్ అంటారు. ఆ దారికీ, ఆ పందేనికీ అదే పేరైపోయింది. రికార్డు గ్యారీ ఫిషర్‌ది: 4 నిమిషాల 22 సెకన్లు. అంటే సగటున గంటకి 45 కిలోమీటర్లకి పైమాటే.

పందెం నడిపిన చార్లీ కెల్లీ, ఫ్రేములు కట్టిన జో బ్రీజ్, టామ్ రిచీ, ఫిషర్, వీళ్ళెవరూ ప్రమాణాలు తయారుచేద్దామని కూర్చోలేదు. చేతికి దొరికింది తగిలించుకున్నారు. మోటార్ సైకిల్ పద్ధతి వెడల్పాటి హ్యాండిళ్ళు, జర్మన్ కంపెనీ మాగురా మోటార్ సైకిళ్ళకి చేసిన బ్రేక్ లివర్లు. ఈ చివరి సంగతి మన కథకి చాలా ముఖ్యం. లివర్ హ్యాండిల్ గొట్టాన్ని కరుచుకుని ఉంటుంది కాబట్టి, మోటార్ సైకిల్ లివరు పట్టాలంటే హ్యాండిల్ చివర మోటార్ సైకిల్ కొలతలోనే ఉండాలి. ఆ కొలత అంగుళంలో 8కి 7 వంతులు. మిల్లీమీటర్లలో 22.2.

1977లో జో బ్రీజ్ మౌంటెన్ బైకు కోసమే ప్రత్యేకంగా ఒక ఫ్రేము కట్టాడు. పాత సైకిలుకి మరమ్మతులు చేయడం కాకుండా మొదటి నుంచీ కొత్తగా కట్టినవాటిలో అది తొలి తరానిది. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి రిచీ కట్టిన ఫ్రేములతో ఒక కంపెనీ పెట్టారు, పేరు మౌంటెన్‌బైక్స్. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌తో ఇది షాపుల్లోకి వచ్చింది. ఆ తొలినాళ్ళ బైకుల్లో బుల్‌మూస్ అనే హ్యాండిల్ కనిపిస్తుంది. స్టెమ్, హ్యాండిల్ కలిసి త్రికోణంలా అతికిన ఒకే ముక్క. మన అద్దె సైకిలు లాగే దీనికీ మధ్యలో వ్యాసం బెడద లేదు. గట్టిగా ఉంటుంది. కానీ ఎత్తు నచ్చకపోయినా, దూరం నచ్చకపోయినా మొత్తం మార్చాల్సిందే. జనం తమ ఒంటికి తగ్గట్టు సర్దుకోవాలనుకున్నారు, కంపెనీలు వేరువేరు సైజులు అమ్మాలనుకున్నాయి. అలా ఆ ఒకే ముక్క రెండు ముక్కలైంది. రెండు ముక్కలైన రోజు నుంచే బొక్క సైజు ప్రశ్న మొదలైంది.

దానికి దొరికిన జవాబు 25.4. అంటే సరిగ్గా ఒక అంగుళం. చివర 22.2 ఉన్న గొట్టాన్ని మధ్యలో కాస్త ఉబ్బించి అంగుళం చేశారు.

మిల్లీమీటరు ముసుగులో అంగుళం

ఈ అంకెల్ని కొంచెం తిరగేసి చూడండి. 22.2, 25.4, 31.8. మిల్లీమీటర్లలో కొలిచేవాడు ఎవడైనా ఇలాంటి అంకెలు కోరి ఎంచుకుంటాడా? 22నో, 25నో, 32నో పెట్టుకుంటాడు. ఇవన్నీ అంగుళాలే. 22.2 అంటే ముప్పావు అంగుళం మీద ఇంకో అర పావు. 25.4 అంటే అంగుళం. 31.8 అంటే ఒకటింబావు అంగుళం (లెక్క ప్రకారం 31.75, దశాంశాన్ని సవరించారు). ఫోర్కు పైభాగం 28.6, అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు. ఆఖరికి కొత్తదనం పేరుతో వచ్చిన 35 కూడా 34.925కి, అంటే అంగుళం మీద 8కి 3 వంతులకి, వెంట్రుకవాసి దూరంలో ఉంది.

1959లో అమెరికా, బ్రిటన్, కెనడా లాంటి దేశాలు ఒప్పందం చేసుకుని అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు అని ఖాయం చేశాయి. మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్ పద్ధతిలోకి వచ్చింది. అయినా ఇవాళ్టికీ హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ‘ముప్పావు ఇంచు పైపు’ అనే అడుగుతాం. గొట్టాలు చేసే యంత్రాలు, అచ్చులు, వాటికి అలవాటుపడ్డ చేతులు చట్టంతో పాటు ఒక్క రాత్రిలో మారవు. సైకిల్ పరిశ్రమలోనూ అంతే. జపాన్‌లో తయారైనా, తైవాన్‌లో తయారైనా, కొలత పేరు మెట్రిక్‌లోకి మారింది, గొట్టం అంగుళాల్లోనే ఉండిపోయింది.

దీంట్లో ఒక చిక్కు ఉంది. రోడ్డు సైకిళ్ళది వేరే చరిత్ర. ఇటలీవాళ్ళ పద్ధతిలో వాటి హ్యాండిల్ మధ్యభాగం 26.0. పాత చినెల్లి హ్యాండిళ్ళు ఇంకా విడ్డూరం, 26.4. కంటికి 25.4కీ 26కీ తేడా తెలియదు. ఇంటర్‌లో ఫిజిక్స్ ల్యాబులో వాడిన వెర్నియర్ కాలిపర్స్ ఉంటేనే తెలుస్తుంది. కానీ బోల్టుకి తెలుస్తుంది. 26 బొక్కలో 25.4 హ్యాండిల్ పెడితే ఎంత బిగించినా జారుతుంది. 25.4 బొక్కలో 26 దూరిస్తే స్టెమ్ మూత సరిగ్గా మూసుకోదు, అంచులు గొట్టాన్ని కొరుకుతాయి. విరిగేది సరిగ్గా ఆ గాటు దగ్గరే.

బొంగు లెక్క

25.4 మీద ఇరవై ఏళ్ళు గడిచాక లావు ఎందుకు పెంచారు? దీనికి జవాబు చాలా పాతది. 1638లో అచ్చయిన తన ఆఖరి పెద్ద పుస్తకంలో గెలీలియో ఒక విషయం ఎత్తుకున్నాడు. పక్షుల ఎముకలు, గడ్డికాడలు లోపల డొల్లగా ఉంటాయి, ఎందుకు? అంతే పదార్థంతో సన్నటి గట్టి కడ్డీ చేస్తే సులువుగా విరుగుతుంది, దాన్నే లావుపాటి డొల్ల గొట్టంగా పరిస్తే బలం పెరుగుతుంది. వెదురు బొంగు చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అంకెల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. పలచటి గొట్టం గోడ మందం మార్చకుండా వ్యాసం పెంచితే, వంగకుండా నిలబడే గుణం వ్యాసం ఘనం లెక్కన పెరుగుతుంది. 25.4 నుంచి 31.8కి వ్యాసం పెరిగింది నాలుగో వంతే. కానీ బిరుసు దాదాపు రెట్టింపు అయింది. బరువు మాత్రం నాలుగో వంతే పెరుగుతుంది. బరువు కూడా పెరగకూడదనుకుంటే గోడ పలచన చేయొచ్చు, అప్పటికీ బిరుసు ఒకటిన్నర రెట్లుంటుంది. ఈ లెక్కని సైకిల్ ఫ్రేములో వాడుకోవడం అంతకు ముందే మొదలైంది. అల్యూమినియం స్టీలులో మూడో వంతు బరువు, మూడో వంతు బిరుసు. కాబట్టి సన్నగా ఉంటే మెతకగా ఉంటుంది, లావు చేస్తే లాభం. 1970లలో ఎం.ఐ.టి.లో చదువుకున్న గ్యారీ క్లైన్, 1983లో సైకిళ్ళలోకి దిగిన క్యానన్‌డేల్ ఈ దారిలోనే లావు గొట్టాల ఫ్రేములు చేశారు. ఫ్రేము ముందు లావెక్కింది, హ్యాండిల్ ఇరవై ఏళ్ళ తరవాత ఆ దారి పట్టింది.

అయితే లెక్క కుదురుతుంది అన్నంత మాత్రాన అవసరం ఉందని కాదు. నిజమైన అవసరం తొక్కే పద్ధతి మారడంతో వచ్చింది. నా బైకు నాటి హ్యాండిళ్ళు 560, 580 మిల్లీమీటర్ల వెడల్పుండేవి, స్టెమ్ 120 నుంచి 150 దాకా పొడుగు. మనిషి ముందుకి వాలి, రోడ్డు సైకిలు తొక్కినట్టే కొండెక్కేవాడు. 1989లో రాక్‌షాక్స్ స్ప్రింగు ఫోర్కులు వచ్చాయి. కిందికి దిగడం వేగంగా, ఇష్టంగా మారింది. దిగేటప్పుడు బండిని అదుపు చేయాలంటే చేతులు వెడల్పుగా ఉండాలి, బరువు వెనక ఉండాలి. ఏళ్ళు గడిచేకొద్దీ స్టెమ్ పొట్టిదైంది, హ్యాండిల్ వెడల్పైంది. ఇవాళ 760, 800 మామూలు మాట, స్టెమ్ 35, 50.

ఇప్పుడు రెండో లెక్క. 580 హ్యాండిల్లో ఒక చెయ్యి మధ్య నుంచి సుమారు 290 దూరంలో ఉంటుంది, 800లో 400 దూరంలో. ఒకే బరువు మోపితే, ఒకే గొట్టమైతే, చివర వంగేది పొడుగు ఘనం లెక్కన ఉంటుంది. అంటే రెండున్నర రెట్లకి పైన. పాత 25.4 గొట్టాన్ని అలాగే సాగదీసి 800 చేస్తే కావడిబద్దలా ఊగుతుంది. కాబట్టి 31.8ని ఊరికే వచ్చిన ఫ్యాషన్ అనలేం. లావు పెరగడం వల్ల వెడల్పు సాధ్యమైంది, వెడల్పు వల్ల లావు అవసరమైంది. ఏది ముందు, ఏది వెనక అని గీత గీయడం కష్టం.

31.8 ఇంకో మంచి పని కూడా చేసింది, దాన్ని ఎవరూ అంతగా చెప్పుకోరు. అప్పటిదాకా రోడ్డు సైకిలుకి 26, మౌంటెన్ బైకుకి 25.4. 31.8 వచ్చాక రెండూ ఒకటే అయ్యాయి. ఒక స్టెమ్ అటూ పడుతుంది, ఇటూ పడుతుంది. 0.6 మిల్లీమీటర్ల ఆ ప్రమాదకరమైన తేడా కొత్త బైకుల్లోంచి నెమ్మదిగా తప్పుకుంది.

35తో వచ్చిన పేచీ

2010ల మొదట్లో ఈస్టన్, రేస్ ఫేస్ లాంటి కంపెనీలు 35 తెచ్చాయి. వాదన పాతదే: హ్యాండిళ్ళు ఇంకా వెడల్పవుతున్నాయి, ఇంకా బిరుసు కావాలి. లెక్క ప్రకారం అదే గోడ మందంతో 31.8 మీద మూడో వంతు ఎక్కువ బిరుసు. అబద్ధమేమీ కాదు. కానీ ఈసారి తొక్కేవాళ్ళలో చాలామంది నొప్పి పెడుతోందన్నారు. కొండ దిగేటప్పుడు రాళ్ళ అదురు చేతుల్లోకి వస్తుంది. హ్యాండిల్ కొంచెం వంగితే ఆ అదురులో కొంత అక్కడే పోతుంది. ఏమాత్రం వంగకపోతే మణికట్టు తీసుకోవాలి. అరగంట దిగాక వేళ్ళు తిమ్మిరెక్కి బ్రేకు మీద పట్టు సడలితే, ఆ బిరుసు వల్ల వచ్చిన అదుపు ఎవరికి?

తరవాత జరిగింది ఇంకా తమాషా. 35 స్టెములో పట్టేలా ఉంటూనే కాస్త వంగే హ్యాండిళ్ళు తయారుచేయడం మొదలైంది. కెనడా కంపెనీ వన్‌అప్ కార్బన్ హ్యాండిల్‌లో గొట్టాన్ని గుండ్రం నుంచి కోలగా మార్చింది, పైకీ కిందికీ కాస్త ఇవ్వాలని. వంగకూడదని లావు చేసి, లావు చేశాక వంగడానికి ఆకారం మార్చడం! ఇదేదో మోసం అని నేననడం లేదు. ఇంజినీర్లు ఒక మెట్టు ఎక్కువ ఎక్కి, అర మెట్టు దిగారు. కానీ ఆ అర మెట్టుకి ఖర్చు పెట్టింది మాత్రం రెండుసార్లు కొన్నవాళ్ళు. పైగా 31.8 కలిపినదాన్ని 35 మళ్ళీ విడదీసింది. పదేళ్ళు దాటినా అది 31.8ని తరిమేయలేదు. రెండూ పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి.

సైకిల్ భద్రతకి ఐ.ఎస్.ఓ. 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. హ్యాండిల్ మీద, స్టెమ్ మీద పదేపదే బరువు మోపి విరుగుతాయో లేదో పరీక్షించమంటుంది. మౌంటెన్ బైకు ఈ సైజులోనే ఉండాలి అని ఎవరినీ కట్టడి చేయదు. కాబట్టి ఈ రంగంలో స్టాండర్డ్ అనే మాటకి అర్థం, ఎక్కువమంది చేస్తున్నది అని మాత్రమే. ఎక్కువమంది ఇంకోటి చేయడం మొదలుపెట్టిన రోజున మీ చేతిలో ఉన్నది ‘పాత సైజు’.

దీనికి తెలుగు పాఠకులకి దగ్గరి ఉదాహరణ ఒకటుంది. డీటీపీ రోజుల్లో అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు, పత్రికల ఫైళ్ళు తలుచుకోండి. యూనికోడ్ వచ్చింది, మంచిదే వచ్చింది, ఈ పత్రిక చదవగలుగుతున్నది దానివల్లే. కానీ ఆ పాత ఫైలు తెరిస్తే అక్షరాల బదులు చెత్త కనిపిస్తుంది. కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు సరిచేసుకుని, ఒక్కో పేజీ బయటికి లాగాలి. కొత్తది మేలైనదే అయినా, పాతదాన్ని మోసుకొచ్చే కూలి మాత్రం పాతది దాచుకున్నవాళ్ళే కట్టుకోవాలి.

ఎంపిక

హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూముకి వెళ్ళి నా సైజు అడిగితే, ‘ఆ సైజు ఇప్పుడు రాదు సార్, కొత్త బండి చూస్తారా?’ అన్నాడు అక్కడి కుర్రాడు. మర్యాదగానే అన్నాడు. ఒక హ్యాండిల్ అడిగినవాడికి బండి చూపించడం ఆ రోజు నాకు కోపం తెప్పించింది గానీ, ఆలోచిస్తే అతను చెప్పింది బజారు పరిస్థితి. నాణ్యమైన 25.4 హ్యాండిళ్ళు ఇప్పుడు రెండు చివర్లలో మిగిలాయి. ఒక చివర చవక సైకిళ్ళు. రెండో చివర పాతవాటి మీద ప్రేమతో చేసేవాళ్ళు: జపాన్‌లో నిట్టో కంపెనీ, దాని సరుకు అమ్మే రివెండెల్ లాంటివాళ్ళు. రివెండెల్ పెట్టిన గ్రాంట్ పీటర్సన్ అంతకుముందు బ్రిడ్జ్‌స్టోన్ సైకిళ్ళ అమెరికా శాఖలో బైకులు రూపొందించేవాడు. 1994లో ఆ శాఖ మూతపడ్డాక సొంత కంపెనీ మొదలుపెట్టి, స్టీలు, పాత కొలతలు వదలనని కూర్చున్నాడు. బుల్‌మూస్ హ్యాండిల్ని కూడా మళ్ళీ చేయించాడు. నాకు వాళ్ళంటే గౌరవం ఉంది. అక్కడి ధర, పైన కస్టమ్స్, ఓడ ఖర్చు కలిపితే నాకు అందేది కాదు.

మా కాలనీ మలుపులో సైకిల్ షాపు నడిపే పెద్దాయన మాత్రం పాత హ్యాండిల్ని చేత్తో తిప్పిచూసి వేరేలా మాట్లాడాడు. ‘బొక్క పెద్దదైతే చిన్నది కూచోబెట్టొచ్చు బాబూ, రింగు వేసి. బొక్క చిన్నదైతే పెద్దది ఎక్కడ పడతది?’ ఆయన చెప్పిన రింగుకి బజార్లో పేరు షిమ్. రెండు సగాలుగా వచ్చే అల్యూమినియం తొడుగు. 31.8 స్టెములో 25.4 హ్యాండిల్ పట్టాలంటే చుట్టూ 3.2 మిల్లీమీటర్ల మందం తొడుగు వేయాలి. సరైన తొడుగు, సరైన బిగింపు ఉంటే అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. (కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి చుట్టడం కూడా చాలామంది చేస్తారు. పాలు పోసే సైకిలుకి సరే. కొండ దిగే బండికి వద్దు.) తిరగేస్తే మాత్రం ఏ ఉపాయమూ లేదు. 25.4 స్టెములోకి 31.8 ఎన్నటికీ రాదు.

పెద్దాయన మాటతో నా ప్రశ్న మారింది. ఏ వ్యాసం గొప్పది అని అడగడం మానేశాను. ఏది ఎంచుకుంటే ఎక్కువ దారులు తెరిచి ఉంటాయి అని అడిగాను. నా బైకు ఫోర్కు పైభాగం 28.6. అది 1990ల నుంచి పెద్దగా మారలేదు, ఇప్పటి చాలా బైకుల్లో పైన అదే కొలత. కాబట్టి ఇవాళ్టి 31.8 స్టెమ్ నా పాత ఫోర్కు మీద కూర్చుంటుంది. ముందు నాలుగు బోల్టుల మూత ఉన్న రకమైతే, పాతదానిలా గ్రిప్పులూ బ్రేకులూ ఊడదీసి హ్యాండిల్ని బొక్కలోంచి దూర్చే బాధ కూడా ఉండదు. ఎప్పుడైనా మంచి పాత స్టీలు హ్యాండిల్ దొరికితే షిమ్ వేసి అదే స్టెములో పెట్టుకోవచ్చు.

మరి అదే తర్కంతో 35 ఎందుకు కాదు? దాంట్లో కూడా 1.6 మిల్లీమీటర్ల తొడుగు వేసి 31.8 పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు. కానీ 35 స్టెములు దాదాపు అన్నీ పొట్టివి, 800 వెడల్పు హ్యాండిళ్ళ కోసం చేసినవి. నా ఫ్రేము పొడుగాటి స్టెమ్ ఉంటుందని లెక్కేసి గీసిన ఫ్రేము. దాని మీద 40 పెడితే మనిషి కుంచించుకుపోయి కూర్చోవాలి. నా బండికి ముందు స్ప్రింగు కూడా లేదు, అదురంతా చేతులకే వస్తుంది. ఇంకా బిరుసైన గొట్టం పెట్టి నేను గెలవాల్సిన పందెమేదీ అనంతగిరిలో లేదు.

అలాగని అందరూ ఇదే చేయాలని కాదు. మీ పాత బండి ఊళ్ళో తిరగడానికే అయితే, హ్యాండిల్ స్టీలుదై, వంకరలూ గాట్లూ లేకపోతే, 25.4 అలాగే ఉంచండి. వెడల్పు 620 లోపు ఉన్నంతకాలం దానికి జరిగే నష్టం లేదు. అల్యూమినియందై, ఎవరెవరు ఎన్నిసార్లు పడేశారో తెలియనిదైతే, సైజు సంగతి తరవాత, ముందు దాన్ని తీసేయండి. కొత్తగా కొనేవాళ్ళు 31.8, 35 మధ్య బిరుసు అంకెలు చూసి తేల్చుకోకుండా, వీలైతే అరగంట దిగి చూసి, తమ మణికట్టుని అడగండి.

నేను 680 వెడల్పు, 31.8 హ్యాండిల్, 90 పొడుగు స్టెమ్ తీసుకున్నాను. పెద్దాయనే బిగించాడు. కొత్త గొట్టం మధ్యలో పాతదాని పక్కన బాగా లావుగా కనిపించింది. మధ్యభాగం వ్యాసం రెండుసార్లు మారిన ఇన్నేళ్ళలో చివరి కొలతని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మాగురా లివర్ల నాటి 22.2 అక్కడ అలాగే ఉంది. నా బైకుతో వచ్చిన ముప్పై ఏళ్ళనాటి బ్రేక్ లివర్లు, పాత గ్రిప్పులు ఏ తొడుగూ లేకుండా కొత్త హ్యాండిల్లోకి నేరుగా ఎక్కాయి.